ఆరో నంబరు సీసా

అమ్మ కళ్లు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు చెప్పిన రోజున అమ్మ ముఖం వాడిపోయింది. ఇంకొకరైతే సంబరపడేవారు. అమ్మ మాత్రం డాక్టరిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుని, వీధిలోకి వచ్చాక నెమ్మదిగా, "ఇంకోసారి చూడమనాల్సింది" అంది.

"బాగున్నాయన్నాడు కదమ్మా!"

"అదేనే నా బాధ. కళ్లు పాడైతే అద్దాలు మార్చుకోవచ్చు. కళ్లు బాగుండి కూడా తప్పులొస్తుంటే ఏం మార్చుకోను?"

ఆ ప్రశ్న నన్ను వేసవంతా నిద్రపోనివ్వలేదు. అసలే నాది ఊరుకునే రకం కాదు. చీమ ఎక్కడికి పోతోందో చూద్దామని దాని వెంట ఇల్లంతా తిరిగేదాన్నట చిన్నప్పుడు. అందుకే బావ నాకు 'కూపీ' అని పేరు పెట్టాడు. ప్రతిదానికీ కూపీ లాగుతానని.

అమ్మ పని గురించి ముందు చెప్పాలి. సముద్రం నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఆమె ఇరవై ఆరేళ్లుగా ఒకే బల్ల దగ్గర పని చేస్తోంది. ప్రతి బుధవారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్ పడవ బయల్దేరి ఎనిమిది చోట్ల నీళ్లు పట్టుకొస్తుంది. ఒక్కో చోటుకు ఒక నంబరు. ఆ నీళ్లలో ప్రాణవాయువు ఎంత కరిగి ఉందో తేల్చడం అమ్మ పని. మురుగు పెరిగితే ఆ వాయువు తగ్గుతుంది, అది తగ్గితే చేపలకు ఊపిరాడదు. సీసాలోని నీళ్లలో గంజి కలిపితే నీళ్లు నీలంగా మారతాయి. అప్పుడు గీతలున్న పొడుగాటి గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదలాలి. నీలం మాయమైన క్షణాన గొట్టానికున్న కుళాయి కట్టేసి, ఎంత మందు పట్టిందో చూసి రాయాలి. తక్కువ మందు పట్టిందంటే వాయువు తక్కువ ఉన్నట్టు. మొత్తం వ్యవహారం మనిషి కంటి మీద నడుస్తుంది.

అమ్మ రాసిన అంకెలు మూడేళ్లుగా కంప్యూటర్లోకి వెళుతున్నాయి. ఆ డేటాబేస్ కట్టింది మా బావ, అంటే అక్క మొగుడు. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే, కాపురం మా ఇంట్లోనే. "మా అల్లుడుగారు సముద్రాన్ని పట్టుకొచ్చి పెట్టెలో పెట్టారు" అని అమ్మ కూరగాయల కొట్టువాడికి కూడా చెప్పేది.

ఆ పెట్టే అమ్మ కొంప ముంచింది. అమ్మ రాసిన అంకెల్లో నలభై ఒకటి చెల్లవని కంప్యూటర్ తిప్పికొట్టింది. పోయిన చలికాలంలో ల్యాబ్ పెద్దసారు సంతకంతో కాగితం వచ్చింది: ఆరు నెలలు గమనిస్తాం, తప్పులు ఆగకపోతే బల్ల దగ్గర్నుంచి తీసి సీసాలు కడిగే స్టోరుకు మారుస్తాం, వేసవి చివర కళ్ల పరీక్ష కాగితంతో కమిటీ ముందుకు రావాలి, అని. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి అమ్మ ఒక్క తప్పూ చేయలేదు. అయిదు నెలలు గడిచాయి. ఇంకొక్క నెల ఇలాగే గడిస్తే గండం గట్టెక్కినట్టే.

సరిగ్గా అప్పుడు నేను ఆ ల్యాబ్‌లో కాలు పెట్టాను. కెమిస్ట్రీ డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నానని, పాత నోటు పుస్తకాల్లోని అంకెలన్నీ డేటాబేస్‌లోకి ఎక్కించే పని బావ ఇప్పించాడు. వేసవి వరకే.

మూడో రోజున 5.0 కొట్టబోయి 0.5 కొట్టాను. తెర ఎర్రబడి 'విలువ చెల్లదు' అంది. అంకె మాయమైంది.

"బావా, అది ఎక్కడికి పోయింది?"

"ఏది?"

"నేను కొట్టిన తప్పు అంకె."

"ఎక్కడికీ పోదు. చెల్లనివన్నీ వేరే పట్టికలో పడి ఉంటాయి. మొదలెట్టావా కూపీ?"

"ఆ పట్టిక ఎవరు చూస్తారు?"

"చెత్తబుట్టలో ఏముందో ఎవరైనా చూస్తారా? నెలాఖరున ఎవరివి ఎన్ని తప్పులో లెక్క మాత్రం పెద్దసారుకు వెళ్తుంది."

"అర చెల్లదని దానికెలా తెలుసు?"

"రెండు కంటే తక్కువ ఏదొచ్చినా చెల్లదని నేనే చెప్పాను దానికి." బావ నవ్వాడు. "ఆ రెండు కూడా నా సొంతం కాదు. కనీసం ఎంత పెట్టాలని ల్యాబ్‌లో ఎవర్నడిగినా, మీ అత్తగారినే అడగమన్నారు. 'ఇరవై మూడేళ్లలో రెండు కంటే తక్కువ నా కంట పడలేదు బాబూ' అన్నారు అత్తయ్యగారు. రెండు పెట్టేశాను."

బావ టీకి వెళ్లగానే నేను ఆ పట్టిక తెరిచాను. అమ్మ తప్పులు నలభై ఒకటీ వరసగా ఉన్నాయి. 0.9, 1.1, 0.7, 0.8. స్టేషన్ నంబరు చూశాను. ఆరు. ఆరు. ఆరు. కింది దాకా జరుపుతూ పోయాను. నలభై ఒకటికి నలభై ఒకటీ ఆరో నంబరే.

కన్ను మసకబారితే ఎనిమిది సీసాలకూ మసకబారాలి. ఆరో సీసా దగ్గర పోయి ఏడో సీసాకు తిరిగొచ్చే చూపు ఎక్కడైనా ఉంటుందా? ఇంకో వింత కూడా ఉంది. తేదీలు దాదాపు వారం విడిచి వారం వచ్చాయి. ఒక బుధవారం ఆరో నంబరులో 0.8, పై బుధవారం శుభ్రంగా 5.1, ఆ పైవారం మళ్లీ 0.9.

ఆ సాయంత్రం ఉతికిన బట్టలు మడత పెడుతున్న అక్కకు చెప్పాను. అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"అయితే అమ్మ తప్పు చేయలేదంటావా?"

"చేయలేదనే అనుకుంటున్నా."

"అమ్మ తప్పు కాకపోతే మరి ఎవరి తప్పు?"

నేను ఇంకో బట్ట అందుకుని మడత పెట్టసాగాను.

"అయిదు నెలలుగా ఇల్లు ప్రశాంతంగా ఉంది. నువ్వు తవ్వితే అటు మా ఆయన, ఇటు అమ్మ. మధ్యలో నేనెటు నిలబడను?" దుప్పటి నా ఒళ్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది.

అక్క చెప్పింది సబబే. కానీ నాకు ఒక సందేహం వచ్చాక అది పంటిలో ఇరుక్కున్న పీచు లాంటిది, నాలుక దానిమీదికే పోతుంది. తరవాతి బుధవారం పడవ ఎక్కేశాను.

పడవ నడిపే ఆయనను అందరూ బాబాయ్ అంటారు. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషి, నోరు తెరిస్తే ఆగడు, తెరవకపోతే పడవ మునుగుతోందని కూడా చెప్పడు. ఒక్కో చోట ఇంజను ఆపి, తాడుకు కట్టిన గొట్టాన్ని నీళ్లలోకి దించి, సీసా అంచుదాకా నింపి, అందులో రెండు మందులు చెరో పిసరు వేసి మూత బిగించేవాడు. ఆ మందులు అక్కడికక్కడే వేయాలి, లేకపోతే దార్లో బయటి గాలి కలిసి లెక్క తప్పుతుంది. వేయగానే సీసాలో తుప్పు రంగు మడ్డి కట్టి అడుగుకు దిగేది. ఒకటి నుంచి అయిదు దాకా అన్నీ అంతే.

ఆరో చోటు ఊరి మురుగు శుద్ధి చేసి వదిలే పెద్ద గొట్టం దగ్గర. బాబాయ్ సీసా నింపాడు, మందులు వేశాడు, మూత బిగించి తలకిందులుగా ఆడించాడు. మడ్డి తెల్లగా దిగింది.

"ఇదేంటి బాబాయ్, ఇది తెల్లగా ఉంది?"

"పాలసీసా కదా అది."

"పాలసీసా ఏంటి?"

"నీళ్లలో వాయువు ఉంటే తుప్పు రంగు వస్తుంది. లేదంటే తెలుపే. రెండేళ్లయింది ఈ వరస మొదలై. పొద్దున ఎనిమిదింటికి ఆటు ఉంటే పాలసీసా. పోటు ఉంటే సముద్రం నీళ్లు లోపలికి తోసుకొచ్చి కలుపుతాయి, అప్పుడు మామూలే."

ఆటు, పోటు. పడవ గది తలుపు వెనక అంటించిన ఆటుపోట్ల పట్టిక వైపు చూశాను. పొద్దున ఎనిమిదింటికి ఈ బుధవారం ఆటు అయితే పై బుధవారం పోటు. వారం విడిచి వారం. నాకు గంతులేయాలనిపించింది, పడవ కాబట్టి ఊరుకున్నాను.

"రెండేళ్లుగా చూస్తూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగారమ్మాయ్? నేను నింపే ఫారంలో నీళ్ల రంగు, గాలి, వేడి అని మూడే గళ్లున్నాయ్. సీసా అడుగు అని గడి లేదు. లేని గడిలో ఏం రాయను?"

"అమ్మకైనా చెప్పాల్సింది. ఆమెకు కనపడదా ఇది?"

"ఎలా కనపడుద్ది? ఒడ్డుకు రాగానే నేనే యాసిడ్ వేస్తా కదా. మడ్డి కరిగిపోద్ది. మీ అమ్మ బల్ల మీదికి వెళ్లేసరికి అన్నీ పసుపు నీళ్లే."

అమ్మ కన్ను తప్పు కాదు, సముద్రమే అలా ఉంది. నలభై ఒక్క మచ్చా ఒక్కసారిగా తుడిచేయొచ్చు. ఒడ్డు కనపడుతుండగా ఏదో మాటవరసకు అన్నాను: "పోనీలే బాబాయ్, ఈ అయిదు నెలలూ కాస్త నయమైందనుకుంటా. మళ్లీ ఇవాళే వచ్చినట్టుంది."

"నయమా? ఎక్కడ నయం? ఈ అయిదు నెలల్లో ఆటున్న బుధవారాలన్నీ పాలసీసాలే."

ల్యాబ్‌కు వచ్చి డేటాబేస్ తెరిచాను. అయిదు నెలలు. ఆరో నంబరు. ఆటున్న బుధవారాలు పది. 2.1, 2.0, 2.2, 2.1, 2.1. ఒక్కటీ రెండుకు దిగువన లేదు, ఒక్కటీ రెండున్నరకు పైన లేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది గానీ, ఆ డొంకలో ఉన్నది మా అమ్మ.

మధ్యాహ్నం అమ్మ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అమ్మ అయిదో సీసా పూర్తి చేసి ఆరోది అందుకుంది. గంజి వేసింది. నీలం పల్చగా వచ్చింది. కుళాయి తిప్పింది. చుక్క, చుక్క, చుక్క. అయిదారు చుక్కలకే నీలం పోయింది. సీసా కింద తెల్ల పలక ఉంది, నీళ్లు దానిమీద కుళాయి నీళ్లలా తేటగా ఉన్నాయి.

అమ్మ చెయ్యి ఆగలేదు.

ఇంకో చుక్క పడింది. ఇంకోటి. అమ్మ సీసా వైపు చూడటం మానేసి గొట్టం మీది గీతల వైపు చూస్తోంది. తేట నీళ్లలోకి చుక్కలు పడుతూనే ఉన్నాయి. అప్పుడు కుళాయి కట్టేసింది. కలం తీసి రాసింది: 2.1.

"అమ్మా, నీలం ఎప్పుడో పోయింది కదా."

అమ్మ తల ఎత్తలేదు. పక్క బల్ల ఆయన భోజనానికి వెళ్లాడు, గదిలో మేమిద్దరమే.

"నీకూ కనపడిందా?" అంది.

"కనపడింది."

"నాకూ కనపడుతుందే." అమ్మ కలానికి మూత పెట్టింది. "రెండుకు తక్కువ ఉండదని అల్లుడుగారికి చెప్పింది నేనే. నేను చెప్పిన మాటనే ఆ పెట్టె నాకు తిప్పి చెబుతుంటే, నన్ను నేను కాదనుకోవాలా? నా కన్నే మోసం చేస్తోందనుకున్నా. ఇంకా నీలం ఉందేమో, నాకే ఆనట్లేదేమో అని నాలుగు చుక్కలు ఎక్కువ వేశా. గొట్టం చూపించిందే రాశా. లేనిది రాయలేదు."

"మరి డాక్టరు కళ్లు బాగున్నాయని చెప్పాక?"

అమ్మ సీసా కింది తెల్ల పలకను గుడ్డతో తుడవసాగింది. ఆ రోజు వీధిలో ఆమె ముఖం ఎందుకు వాడిపోయిందో నాకు అప్పుడు తెలిసింది.

"పడవలో ఈ సీసా అడుగు తెల్లగా ఉందమ్మా. రెండేళ్లుగా అంతేనట. బాబాయ్ చెప్పాడు."

"తెల్లగానా?" అమ్మ చటుక్కున లేచింది. ముఖంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. "నిజంగా తెల్లగానా? అయితే అవన్నీ సరైనవేనే! నా కన్ను సరిగ్గానే ఉందే!" అంటూ నా భుజాలు పట్టుకుని ఊపేసింది. మరుక్షణం ఆమె చూపు తను రాసిన 2.1 మీద పడింది. నా భుజాలు వదిలేసి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక బావకు అంతా చెప్పాను. నలభై ఒకటి, పడవ, ఆటుపోట్లు, పాలసీసా. బావ ఒక్కసారి కూడా నన్ను ఆటపట్టించలేదు. ఆటుపోట్ల పట్టిక పక్కన తేదీలు పెట్టుకుని తానే ఒక్కొక్కటీ సరిచూశాడు. చివరికి తల పట్టుకున్నాడు.

"చెల్లదు అనకుండా, ఎందుకిలా ఉంది అని అడిగేలా కట్టాల్సింది. మూడేళ్లు కళ్లెదుటే పెట్టుకుని ఒక్కసారి తెరిచి చూడలేదు నేను."

"పదకొండు వేరే ఉన్నాయి బావా" అని, అమ్మ ఎక్కువ వేసిన చుక్కల సంగతి కూడా చెప్పేశాను. పాతవి పది, ఇవాళ్టిది ఒకటి.

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. బావ అక్క వైపు, నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "నలభై ఒకటీ సరైనవని నేను కమిటీకి రాసిస్తా. అత్తయ్యగారి మీద మచ్చ పోతుంది. ఆ పదకొండు జోలికి మనం పోవద్దు. వాటిని కంప్యూటర్ ఒప్పుకుంది, ఎవరూ అడగరు."

"కానీ అవి అలాగే ఉంటే, అయిదు నెలలుగా ఆరో నంబరు బాగుపడినట్టే కదా లెక్క?"

"అవును."

"ఆ లెక్క ఎవరికైనా కావాలా?"

బావ ఆటుపోట్ల పట్టిక మడిచాడు. "ఆ మురుగు గొట్టం వాళ్లు ఇంకో పదేళ్లు అక్కడే వదలడానికి అనుమతి అడుగుతున్నారు. ఈ అయిదు నెలల అంకెలే జత చేశారు."

"చాల్లే, ఆపు ఇక" అంది అక్క నాతో. "నీ కూపీకి అమ్మ కుర్చీయే దొరికిందా?"

అక్క వెనకనే అమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు. కోపం లేదు, ఏడుపు లేదు, లెక్క తేలిన మనిషిలా ఉంది. "అల్లుడుగారూ, ఆ పదకొండు తేదీలూ నాకు ఒక కాగితం మీద రాసిపెట్టండి. నా చేత్తో చేసింది, నా నోటితోనే చెబుతా" అంది.

కమిటీ గదిలో నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. బావ లేచి నలభై ఒక్క అంకెల కథ చెప్పాడు, తప్పు తనదేనన్నాడు. బాబాయ్ పాలసీసా గురించి చెప్పాడు. పెద్దసారు ముఖం విప్పారింది. చెడ్డవాడు కాదాయన. "అమ్మా, మేమే మీకు క్షమాపణ చెప్పుకోవాలి. ఇక ఆ బల్ల మీకే" అన్నాడు.

అమ్మ అప్పుడు లేచి సంచిలోంచి కాగితం తీసింది. కళ్ల పరీక్ష కాగితం అనుకుని ఆయన చెయ్యి చాచాడు. అది పదకొండు తేదీల కాగితం. అమ్మ నిలబడి, చుక్కల సంగతి మొత్తం చెప్పింది. ఒక్క మాటా తడబడలేదు. "అనుమతికి ఆ అంకెలు వాడకండి సార్" అని కూర్చుంది.

పెద్దసారు ఆ కాగితం మీది తేదీలు లెక్కపెట్టాడు.

"ఇరవై ఆరేళ్లలో పదకొండే అమ్మా. కానీ ఈ పదకొండూ నేను వదిలేస్తే రేపు ఈ బల్లల దగ్గర ఎవరినీ ఏమీ అడగలేను."

"తెలుసు సార్" అంది అమ్మ.

సీసాల స్టోరుకు మార్చారు. అనుమతి ఆగింది. ఇప్పుడు పడవ గడియారం చూసి కాదు, ఆటు చూసి బయల్దేరుతుంది. బాబాయ్ ఫారంలో 'సీసా అడుగు' అని నాలుగో గడి వచ్చింది, దాన్ని ఆయన వారం వారం కొట్టొచ్చినట్టుండే పెద్ద అక్షరాలతో నింపుతాడు. రెండుకు తక్కువ అంకె కొడితే కంప్యూటర్ ఎర్రబడదు. 'కారణం రాయండి' అని ఒక ఖాళీ పెట్టె చూపించి ఆగుతుంది. అక్క నాతో రెండు వారాలు మాట్లాడలేదు. బావ మాత్రం అమ్మ సంచి తానే మోసుకుంటూ రోజూ స్టోరు దాకా దిగబెట్టి, అప్పుడు తన గదికి వెళ్లేవాడు. అమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని బావ ఒకసారి నాతో అన్నాడు.

అమ్మ కుర్చీలోకి కొత్త మనిషి దొరికేదాకా నన్ను కూర్చోమన్నారు. చదివింది అదే కదా అన్నారు. మొదటి బుధవారం కడిగిన సీసాల బుట్ట పట్టుకుని అమ్మ స్టోరు నుంచి పైకి వచ్చింది. బుట్ట దించి నా పక్కన నిలబడింది. ఒకటి నుంచి అయిదు దాకా చెయ్యి ఎలా పట్టాలో, కుళాయి ఎంత తిప్పాలో చెబుతూ వచ్చింది. ఆరో సీసా తీసుకున్నాను. గంజి వేశాను. పల్చటి నీలం. కుళాయి తిప్పాను.

నాలుగు చుక్కలకు నీలం పోయింది.

గొట్టం వైపు చూశాను. సున్నా పాయింటు ఆరు. ఇంత తక్కువా? ఇంకా ఏ మూలో నీలం మిగిలి ఉందేమో, నాకే ఆనట్లేదేమో? కొత్తదాన్ని, మొదటి రోజే ఇలాంటి అంకె రాస్తే అందరూ ఏమంటారు? ఇంకొక్క చుక్క వేసి చూస్తే పోలా? నా వేళ్లు కుళాయి మీదే ఉన్నాయి. అవి దాన్ని తిప్పబోతున్నాయని నాకు తెలుస్తోంది.

అమ్మ సీసా వైపు చూడటం లేదు, నా వేళ్ల వైపు చూస్తోంది.

"పోయిందా?" అంది.

"పోయినట్టుందమ్మా."

"పోయిందా, పోయినట్టుందా?"

"పోయింది."

"అయితే ఆపెయ్యి తల్లీ."

చెయ్యి తీసేశాను. అంకె రాయడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది. అప్పటిదాకా అమ్మ బుట్ట ఎత్తుకోకుండా అక్కడే నిలబడింది.